ఇప్పచెట్టు కింద ఈస్టరు

ఈమధ్య శ్రమకాలంలో, అంటే ఈస్టరుకి ముందు మేము మాంసాలూ వేడుకలూ కట్టిపెట్టి ఉండే రోజుల్లో, ఒక సాయంత్రం హౌరాలో టికియాపారా స్టేషను బయట దొండకాయలు బేరమాడుతుంటే ఎక్కడినుంచో ఒక వాసన వచ్చి ముక్కుకి తగిలింది. బెల్లం పులిసినట్టు, గోనెసంచి తడిసి ఆరినట్టు, అడుగున కాస్త ఎలక వాసన కూడా కలిసినట్టు ఉండే ఆ వాసనని ఒకసారి ఎరిగినవాళ్ళు ఇంకదేనితోనూ పొరపడరు. రెండు బుట్టల అవతల జార్ఖండు నుంచి వచ్చిన ఒకామె పాత చీరముక్క పరిచి, దానిమీద ఎండిన ఇప్పపూలు కిస్మిస్‌లా కుప్పపోసుకుని కూర్చుంది. నేను దొండకాయలు అక్కడే వదిలేసి ఆ పూలు ఒక పొట్లం కట్టమన్నాను. "ఏం చేసుకుంటావు దీదీ?" అని హిందీలో అడిగింది. వాసన చూడటానికి అన్నాను. ఆమె పక్కనున్న మనిషిని మోచేత్తో పొడిచి మరీ నవ్వింది. ఈ వయసులో, ఈ కళ్ళజోడుతో, ఇంట్లో సారా కాచుకోబోతున్నానని ఇద్దరికీ నమ్మకం కుదిరినట్టుంది.

పొట్లం సంచిలో వేసుకుని, హౌరాలో బండి మారి మా లిలువా వచ్చేదాకా లోకల్ బండిలో నా పక్క సీటాయన నావైపు అనుమానంగా చూస్తూనే ఉన్నాడు. నాకు మాత్రం మా మామ్మ కరుణమ్మ, ఆ వాసన తగలగానే చీరచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే మా నాన్నగారి అమ్మ, ఎదురుగా వచ్చి కూర్చున్నట్టే ఉంది.

నా చిన్నతనంలో లిలువా అంటే రైల్వే వర్క్‌షాపు కూత. పొద్దున్న ఆ కూతకి మా క్వార్టర్ల వరసంతా తలుపులు తెరుచుకునేవి, సాయంత్రం అదే కూతకి మా నాన్నా, నాన్నలాంటి ఇంకెందరో ఫిట్టర్లూ వెల్డర్లూ గ్రీజు చేతులతో సైకిళ్ళమీద ఇళ్ళకి మళ్ళేవారు. మా వరసలో సగం శ్రీకాకుళం జిల్లా వాళ్ళం, మిగతా సగం బీహారీలూ ఒరియా వాళ్ళూ బెంగాలీలూ. అందుచేత మేము పిల్లలం తిట్టుకోవడం హిందీలో, ఆడుకోవడం బెంగాలీలో, అన్నం అడగడం తెలుగులో చేసేవాళ్ళం. చలి తగ్గి ఫాల్గుణం గాలి మొదలయ్యేసరికి రైల్వే గోడ పక్కనున్న బూరుగుచెట్టు ఎర్రగా పూసి, ఆ తరవాత కాయలు పగిలి, దూదంతా వరసలోని ఇళ్ళ ముంగిళ్ళలో, ఆరేసిన వడియాల మీద, గ్రీజు చొక్కాల మీద వాలేది. ఆ రోజుల్లోనే మాకు శ్రమకాలం వచ్చేది. కోడిపులావు బంద్, సినిమా బంద్, గట్టిగా నవ్వితే మామ్మ మొట్టికాయ. శుక్రవారాలు ఉప్పు గంజీ మామిడికాయ తొక్కూ. గుడ్ ఫ్రైడే నాడు మా తెలుగు చర్చిలో మధ్యాహ్నం మూడింటిదాకా సాగే ఆరాధనలో ఆకలికి నా కళ్ళు బైర్లు కమ్మేవి. అంత ఓర్చుకున్నదీ ఈస్టరు తెల్లవారుజాము కోసమే.

ఆ తెల్లవారుజామున సూర్యుడు రాకముందే మావాళ్ళంతా లాంతర్లు పట్టుకుని, డోలకూ కంజీరా వాయించుకుంటూ, వరసలన్నీ తిరిగి పాడేవారు. ముందు నడిచేది మా మామ్మ. సన్నగా వెదురుబద్దలా ఉండే ఆ మనిషికి అంత గొంతు ఎక్కడ దాగి ఉండేదో తెలీదు. ఆవిడ పాట ఎత్తుకుంటే మిఠాయికొట్టు బెంగాలీ దాదా కూడా లేచి కిటికీలోంచి "మాషీమా వచ్చేసింది" అని, అంటే పిన్నిగారొచ్చిందని, పెళ్ళాన్ని లేపేవాడట. ఇంటింటి దగ్గరా ఆగి, గాజుగ్లాసుల్లో టీ తాగి, పిల్లలం మరమరాలు జేబుల్లో కూరుకుని, వెలుగు రేఖ కనిపించే వేళకి చర్చి చేరేవాళ్ళం. సూర్యుడు పైకి వచ్చేసరికి నోట్లో పాట ఉండాలని మామ్మ పట్టుదల. జ్వరంతో లేవలేని ఏడు కూడా మంచం మీదనుంచే పాడిందని అమ్మ చెప్పేది.

ఇంత గొంతున్న మనిషీ ఒక్క మాట మాత్రం పలికేది కాదు. అది ఎలుగుబంటి. ఆవిడ ఎదుట మేమంతా దాన్ని "అది" అనేవాళ్ళం. మా తాతయ్యని చంపింది అదే. మామ్మవాళ్ళ ఊరు మందస కొండల అంచున. వేసవి ముందర ఇప్పపూలు రాలే రోజుల్లో ఊళ్ళోవాళ్ళు చీకటితో లేచి ఏరుకోవడానికి కొండకి పోయేవారు. అలా పోయిన తాతయ్య, అప్పటికే చెట్టుకింద పూలు తింటున్న ఎలుగుబంటిని మసకలో చూసుకోక దాని మీదికే నడిచాడు. మా నాన్న అప్పటికి చంకలో బిడ్డ. అది మళ్ళీ వస్తుందనీ, ఈసారి బిడ్డని పట్టుకుపోతుందనీ మామ్మకి భయం పట్టుకుంది. ఎవరు చెప్పినా వినకుండా నాన్నని ఎత్తుకుని పలాస స్టేషనుకి వచ్చి, లిలువాలో పనిచేసే తమ్ముడి దగ్గర పడింది. తరవాత ఎప్పుడూ ఆ కొండవైపు పోలేదు. చలికాలంలో మా వరసల్లోకి మూతికి తాడు కట్టిన ఎలుగుబంటిని ఆడించేవాళ్ళు డుగ్‌డుగీ వాయించుకుంటూ వస్తే, వరసలో పిల్లలంతా పోగయ్యేవారు, మా ఇంటి తలుపు మాత్రం ధడేలుమని మూసుకునేది. నేను తలుపు సందులోంచి చూసేదాన్ని. నా వెనక, పనిలేని రోజైతే, మా నాన్న కూడా నిలబడి నా తల మీదుగా చూసేవాడు.

మా నాన్న పేరు సామేలు. మాట తక్కువ మనిషి. తన తండ్రి ఫోటో ఒక్కటీ లేదు, మొహం ఎలా ఉండేదో చెప్పగలిగింది మామ్మ ఒక్కతే, ఆవిడేమో చెప్పదు. కనుక తండ్రి గురించి ఆయనకి తెలిసినదల్లా ఆయన్ని చంపిన జంతువు పేరు. దాన్ని ఒకసారి కళ్ళారా చూడాలని ఆయనకి చిన్నప్పటినుంచీ ఉండేదట. ఒకసారి నన్ను అలీపూర్ చిడియాఖానాకి తీసుకెళ్ళాడు. పులి, ఏనుగు, జిరాఫీ, ఏవీ చూడనివ్వకుండా తిన్నగా ఎలుగుబంటి గుంట దగ్గరికే నడిపించాడు. అది మావైపు వీపు పెట్టి మూల గోడకి ఆనుకుని నిద్రపోతోంది. నాన్న చాలాసేపు నిలబడ్డాడు. అది చెవి కూడా కదపలేదు. తిరుగు ట్రాములో నాన్న నాతో, "తాడు కట్టింది కాదు, గుంటలో పడేసింది కాదు. దాని బతుకు అది బతికే కాడ సూడాల" అన్నాడు. నేను జిరాఫీ చూడలేదన్న ఏడుపులో ఉండి సరిగా వినలేదు.

రైల్వేవాళ్ళకి ఏటా ఉచితంగా తిరగడానికి పాసులిచ్చేవారు. దేశంలో ఎక్కడికైనా పోవచ్చు. మా వరసలో బెంగాలీలు ఆ పాసు మీద సిమ్లాలూ కాశ్మీరాలూ చుట్టి వచ్చి ఉన్ని టోపీలతో ఫోటోలు చూపించేవారు. మావాళ్ళకి మాత్రం పాసంటే పలాస. జీడిపప్పు సంచీ, పనసకాయా మోసుకుని రావడమే మా విహారయాత్ర. అలాంటిది, నేను నాలుగో తరగతి పరీక్షలు రాసిన ఏడు, నాన్న ఇప్పటి జార్ఖండులోని పలామూ అడవులకి పాసు రాయించుకుని వచ్చాడు. అక్కడి నేషనల్ పార్కులో ఈ రోజుల్లో ఇప్పపూలకి ఎలుగుబంట్లు వస్తాయనీ, ఎత్తు మంచె ఎక్కి చూడవచ్చనీ వర్క్‌షాపులో ఒక బీహారీ స్నేహితుడు చెప్పాడట. గుడ్ ఫ్రైడే సెలవు, ఆదివారం సెలవు, నడుమ శనివారం ఒక్కరోజు లీవు పెడితే చాలని లెక్క చూసుకున్నాడు. ఆ ఆదివారం ఈస్టరన్న సంగతి ఆయనకి తెలియక కాదు. పూలు ఈస్టరు కోసం ఆగి రాలవు కదా అన్నాడు.

అమ్మ చర్చి గానబృందంలో ఉండేది. "ఈస్టరు ఆరాధన ఒదిలి ఎలుగుబంట్లకి మొక్కడానికి నేను రాను" అని తేల్చి చెప్పింది. మామ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాన్న ఆవిడ మంచం పక్కన కింద కూర్చుని, "అమ్మా, దాన్ని ఒకసారి సూడకపోతే నా మనసు ఊరుకోదే" అనడం నేను విన్నాను. మామ్మ గోడవైపు తిరిగే, "మీ అయ్యని సంపీసినాది చాలదేటి? ఇంకేటి సూస్తావురా దాన్ని?" అంది. కానీ గుడ్ ఫ్రైడే ఆరాధన అయ్యాక చూస్తే, తెల్లచీర కట్టుకుని, ట్రంకుపెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉంది. విధవ తల్లి పేరు కూడా పాసులో ఉంటుంది మరి. "ఈస్టరు పొద్దున్న అడివిలో ఈ తండ్రీకూతుళ్ళకి పేర్దన ఎవలు సేస్తారు?" అన్నది ఆవిడ చెప్పిన కారణం.

మర్నాడు పొద్దున్న బర్వాడీ స్టేషన్లో దిగగానే ఆ వాసన వచ్చింది. అడవంతా అదే వాసన. ఆకులన్నీ రాల్చుకుని నిలబడ్డ ఇప్పచెట్లు, కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా మైనం రంగు పూలు, మోదుగులు ఎర్రగా, సాలచెట్లకి లేత చిగురు, కాళ్ళకింద ఎండుటాకులు అప్పడాల్లా విరుగుతూ ఉంటే నాకు ఒళ్ళు పులకరించిపోయింది. మామ్మ మాత్రం చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఉంది, అన్నం తినేటప్పుడు తప్ప తియ్యలేదు. మమ్మల్ని అడవిలో తిప్పడానికి ఇచ్చిన గార్డు పేరు జోసెఫ్, అక్కడి ఉరావ్ తెగ మనిషి. మామ్మ మెళ్ళో సిలువ చూసి "మాజీ" అని హిందీలో అమ్మని పిలిచినట్టు పిలిచి, "మేము కూడా" అని తన దారానికి కట్టుకున్న సిలువ చొక్కాలోంచి తీసి చూపించాడు. ఆ తరవాతనుంచి మామ్మ అతన్ని ఏం అడగాలన్నా తెలుగులోనే అడిగింది, అతను ఏం చెప్పాలన్నా హిందీలోనే చెప్పాడు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

ఆ సాయంత్రం ఎండిన ఏటి ఒడ్డున గడ్డి మైదానంలో జోసెఫ్ మమ్మల్ని ఒక రాయి చాటున కూర్చోబెట్టి తోడేళ్ళని చూపించాడు. సండే స్కూలు గోడ మీది పటంలో తోడేలుకి ఎర్రటి కళ్ళూ, మూరెడు నాలికా ఉండేవి. దాని పక్కన గొర్రెపిల్ల వణుకుతూ ఉండేది. ఇక్కడ గడ్డిలోంచి బయటికి వచ్చినవి ఎండుగడ్డి రంగులో, డొక్కలు లోపలికి పోయి, పొడుగు కాళ్ళతో రెండు మామూలు జీవాలు. "ఇవేటిరా, మన టికియాపారా కుక్కలు కావేటి?" అంది మామ్మ. జోసెఫ్ నోటిమీద వేలు పెట్టుకున్నాడు. అందులో ఒకటి నోట కుందేలు కరుచుకుని ఉంది. ఒక్కసారి మావైపు చూసి, మేము ఉన్నా లేనట్టే లెక్కేసి, తొందర లేకుండా పరుగు నడకన ఏరు దాటిపోయింది. దాని పొట్ట కింద చన్నులు వేలాడుతున్నాయి. బొరియలో పిల్లలున్నాయి, వాటికి తీసుకుపోతోంది అన్నాడు జోసెఫ్. నాకు ఆశాభంగమైంది. ఇంత దూరం వచ్చి కుక్కలాంటిదాన్ని చూశానని స్నేహితులకి ఎలా చెప్పడం? మామ్మ మాత్రం అది పోయినవైపే చూస్తూ, "పోనీ, పిల్లలకి దొరికినాది" అంది.

ఆదివారం వెలుగు రాకముందే మంచె ఎక్కాం. ఎదురుగా కొంచెం పల్లంలో నాలుగైదు ఇప్పచెట్లు. ఇప్పపూలు ఒక్కొక్కటీ రాలి ఆకుల మీద టప్పుమంటున్నాయి, వర్షం మొదలయ్యే ముందు చినుకుల్లా. నాన్న కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆయన పక్కన, మామ్మ వెనక పలక మీద ముడుచుకుని. కాసేపటికి జోసెఫ్ నాన్న భుజం తట్టాడు. చెట్టుకింద నల్లటి ముద్ద ఒకటి కదులుతోంది. రైలు ఆగినప్పుడు పెట్టె కిందనుంచి గాలి వదిలే చప్పుడులా బుస్సు బుస్సుమని పూలు పీల్చుకుంటోంది. అది తల ఎత్తదు. తలా తోకా తెలియని నలుపు, అంతే. నాన్న కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళు ఎదురుచూసి, పాసు ఖర్చుచేసి, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ కోపం మూటగట్టుకుని వస్తే, ఇక్కడ కూడా దాని వీపే దక్కేట్టుంది.

అప్పుడు కొండ వెనక ఆకాశం ఎర్రబడి సూర్యుడి అంచు కనబడింది. నా వెనక మామ్మ లేచి నిలబడటం తెలిసింది. ఆపేలోగానే ఈస్టరు పాట ఎత్తుకుంది. లిలువా వరసలన్నిటినీ లేపిన ఆ గొంతు ఆ నిశ్శబ్దంలో పడేసరికి పక్క చెట్టు మీది పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. జోసెఫ్ "మాజీ, చుప్!" అని రెండు చేతులూ జోడించాడు. నాకు ఏడుపు వచ్చింది, ఇంక ఎలుగుబంటి పారిపోయినట్టే అనుకున్నాను. మామ్మ తప్పు కూడా కాదు, ఆ ఘడియకి ఆవిడ నోరు దానంతట అదే తెరుచుకునేది.

అది పారిపోలేదు. వెనక కాళ్ళమీద లేచి నిలబడింది. మావైపు తిరిగి, ముందు కాళ్ళు గాల్లో వేలాడేసి, ఛాతీ మీద కొడవలి వంకలాంటి తెల్లటి గీతతో, ముట్టె పైకెత్తి గాలి వాసన చూస్తూ, పూర్తిగా కనబడింది. దాని గోళ్ళు కూడా కనబడ్డాయి. అప్పుడు చెట్టు వెనకనుంచి రెండు పిల్లలు దొర్లుకుంటూ వచ్చి దాని కాళ్ళకి చుట్టుకున్నాయి. అది మళ్ళీ నాలుగు కాళ్ళమీదికి దిగింది. ఒక పిల్ల వీపెక్కింది, రెండోది ఎక్కలేక జారి పడింది, మళ్ళీ ఎక్కబోయింది. అంతసేపూ తల్లి కదలకుండా, మా మంచె మీదనుంచి కళ్ళు తియ్యకుండా, గుర్రుమంటూ నిలబడే ఉంది.

మామ్మ పాట చరణం నడుమ ఆగిపోయింది.

"నా ఎత్తే ఉన్నాది" అన్నాడు నాన్న మెల్లగా.

మామ్మ కటకటాల దగ్గరికి వచ్చింది. ముక్కుమీద చెంగు లేదు. "ఒరే సామేలూ, ఆ యేళ కూడా దీనికి పిల్లలే ఉండుంటాయిరా" అంది. "దాని బెదురు దానిది. నాను నిన్ను సంకనేసుకుని పలాస టేసనుకి పరిగెట్టలేదేటి? ఇదీ అంతే" అంది.

నాన్న మంచె పలక మీద కూర్చుని, చెప్పులు విప్పి పక్కన పెట్టి, మళ్ళీ తొడుక్కున్నాడు. జోసెఫ్‌కి ఒక్క మాటా అర్థం కాలేదు కానీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వాళ్ళ ఊళ్ళోనూ ఆ వేళకి ఈస్టరు పాటలు పాడుతూ ఉంటారు. "గీత్ పూరా కీజియే, మాజీ" అన్నాడు, పాట పూర్తి చెయ్యమని. మామ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. "ఉండు నాయినా. పిల్లల్ని దాటించుకోనీ దాన్ని" అంది. రెండో పిల్ల కూడా ఎక్కింది. తల్లి వాటిని మోసుకుంటూ, వెనక్కి తిరిగి చూసుకుంటూ, చెట్ల నడుమ ఉన్న ఎర్రమట్టి దారి దాటి పొదల్లోకి దిగిపోయింది. పొద కదలడం ఆగాక మామ్మ ఆపిన చోటునుంచే పాట అందుకుని చివరిదాకా పాడింది. ఆ రెండో సగంలో నాన్న కూడా గొంతు కలిపాడు.

తిరుగు రైల్లో మామ్మ ఒళ్ళో జోసెఫ్ ఇచ్చిన ఇప్పపూల ఆకుపొట్లం ఉంది. బండి బర్వాడీ దాటగానే నాన్నకి తాతయ్య గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఎడమచేతి వాటమనీ, తలుపు తగిలేంత పొడుగనీ, ఈత రాదనీ, తన పాటకి వెనక వరసలో తాళం తప్పేవాడనీ. హౌరా వచ్చేదాకా చెప్పింది. నాన్న ఒక్కసారి కూడా టీ కోసం దిగలేదు. నాకు నిద్ర వచ్చి అన్నీ వినలేదు, ఇప్పుడు అడగడానికి ఇద్దరూ లేరు.

ఆ మరుసటి ఏడు ఈస్టరు తెల్లవారుజామున మామ్మ వరసల్లో పాడుతూ సరిగ్గా ఆ చరణం నడుమ నిలబడిపోయింది. డోలకు ఆగింది, లాంతర్లు ఆగాయి. ఊపిరి అందలేదేమో అనుకున్నారంతా. కాసేపు ఎటో చూసి, మళ్ళీ అందుకుంది. ఆ పైయేడూ అంతే. పాస్టరుగారు వచ్చి, "అమ్మగారూ, అక్కడ ఆగక్కర్లేదండీ, రాగం తెగిపోతోంది" అన్నాడు. "ఆగాల" అంది మామ్మ. ఎందుకో ఆయనకీ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. మెల్లగా అందరికీ అలవాటైపోయింది. మామ్మ పోయాక నాన్నా, నాన్న పోయేదాకా మిగతావాళ్ళూ అక్కడ ఆగే పాడారు.

ఇప్పుడు మా వరసలు సగం కూలగొట్టేశారు. బూరుగుచెట్టు లేదు. డుగ్‌డుగీ ఆటవాళ్ళు కనబడి ఎన్నేళ్ళయిందో. మా పిల్లలు తెలుగు ఇంట్లో మాట్లాడతారు కానీ చదవలేరు, పాట పుస్తకం ఇస్తే తలకిందులుగా పట్టుకుంటారు. అందుకని రెండు మూడేళ్ళుగా కుర్రాళ్ళు టోటో అనే ఒక బ్యాటరీ రిక్షాబండి మీద స్పీకరు కట్టి, ఫోనులో ఈస్టరు పాటలు పెట్టి తిప్పుతున్నారు. హైదరాబాదులో ఎవరో వాయిద్యాలన్నిటితో పాడి పెట్టినవి. బాగానే ఉంటాయి.

ఈ ఈస్టరుకి నేను కూడా ఆ బండి వెనక నడిచాను, చేతిసంచిలో ఇప్పపూల పొట్లంతో. మా వీధి మలుపు దగ్గర మామ్మ పాట వచ్చింది. ఆ చరణం నడుమకి వచ్చేసరికి నా పక్కన నడుస్తున్న రాహేలు పిన్ని టక్కున నిలబడిపోయింది. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు మామ్మ వెనక కంజీరా వాయించేది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ముసలమ్మలూ ఆగారు. స్పీకరు ఆగలేదు. ఆమె మనవరాలు చెయ్యి పట్టి లాగుతూ, "ఏటైంది మామ్మా, బండి వెళ్ళిపోతోంది, చలో నా!" అంది.

"ఇక్కడ ఆగాలే గుంటా. కరుణమ్మ ఇలాగే పాడేది" అంది పిన్ని.

"కానీ ఎందుకు?"

పిన్ని నావైపు చూసింది. ఆమెకీ తెలీదు. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, పొట్లం విప్పి ముక్కు దగ్గర పెట్టి, చెప్పడం మొదలుపెట్టాను. పాట, బండితో పాటు మలుపు తిరిగి పోయింది. తల్లి ఎలుగుబంటి పిల్లల్ని వీపున వేసుకుని దారి దాటేంతసేపు మేము నలుగురం, ఆ పిల్లా, రోడ్డు మధ్యన అలా నిలబడి, తరవాత మిగతా చరణం అందుకున్నాం.